ఆరు కుచ్చులుంటే ఆర్గైల్ పటాలం

స్కాట్లండ్ కిల్టు మీద వేలాడే ప్రతి వస్తువూ అనాదిగా వస్తున్న వంశాచారమని లోకం నమ్ముతుంది. వాటిలో చాలావాటి పుట్టిల్లు మాత్రం సైన్యం స్టోర్సు గది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రోజుల్లో స్కాటిష్ సిపాయి పూర్తి కవాతు దుస్తుల్లో ఎదురొస్తుంటే, అతనిది ఏ పటాలమో తెలుసుకోవడానికి టోపీ మీది బిళ్ల దాకా పోనక్కర్లేదు. నడుముకు ముందు, కిల్టు మీద వేలాడే జుట్టు సంచిని చూస్తే చాలు. తెల్లజుట్టు మీద ఐదు నల్ల కుచ్చులుంటే బ్లాక్ వాచ్. అదే తెల్లజుట్టు మీద పొడుగాటి నల్ల కుచ్చులు రెండే ఉంటే గోర్డన్ గానీ సీఫోర్త్ గానీ. రంగులు తిరగబడి, నల్లజుట్టు మీద రెండు తెల్ల కుచ్చులు కనిపిస్తే కామెరాన్. నల్లజుట్టు మీద పొట్టిగా ఆరు తెల్ల కుచ్చులు ఊగుతుంటే ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్లు. ఆ ఆరింటికి ‘స్వింగింగ్ సిక్స్’ అని పేరు.

ఆ సంచి పేరు స్పోరన్. కిల్టుకు జేబులుండవు. చిల్లర డబ్బులో, పొగాకో, తుపాకీ గుళ్లో దాచుకోవడానికి ఏదో ఒకటి కావాలి గనక హైలాండ్స్ అనే కొండసీమ మనిషి నడుముకు తోలుసంచి కట్టుకున్నాడు. మన తాతలు బొడ్లో దోపుకున్న వక్కాకు సంచికీ దానికీ పనిలో తేడా లేదు. పద్దెనిమిదో శతాబ్దపు స్పోరన్ అంటే అంతే: మేకతోలో, బ్యాడ్జర్ తోలో, చిన్నది, పొందికైనది. మోకాళ్ల దాకా వేలాడే గుర్రపు జుట్టు, పైన లోహపు పట్టీ, కుచ్చుల మొదట్లో గంటల్లాంటి గొట్టాలు, ఇవన్నీ తర్వాత సైన్యం తగిలించినవి. కవాతులో అడుగు పడ్డప్పుడల్లా వరసంతా ఒకేసారి కుడికీ ఎడమకీ ఊగాలి. వందమంది నడుముల దగ్గర తెల్లటి అల లేచి పడుతుంటే చూసేవాళ్లకు కన్నుల పండువ. మోసేవాడికి మాత్రం తలనొప్పి. తెల్లజుట్టు ఇట్టే మాసిపోతుంది, ఉతకాలి, చిక్కు తీయాలి, దువ్వాలి. డోలు వాయించేవాడికైతే అది పుల్లకు అడ్డం, అందుకే వాళ్లు స్పోరన్‌ను తుంటి మీదికి తిప్పుకుంటారు. యుద్ధానికి బయల్దేరేటప్పుడు చాలాసార్లు దాన్ని మూటగట్టి డిపోలో పడేసి వెళ్లేవాళ్లు. సంచిగా పుట్టింది, దాచుకోవడానికి తప్ప మిగతా అన్నిటికీ పనికొచ్చేలా తయారైంది!

కుచ్చుల లెక్క తరతరాలుగా ఎలా మారకుండా నిలిచింది? ఇక్కడ కవిత్వమేమీ లేదు. యూనిఫాంలోని ప్రతి వస్తువుకూ ఆమోదించిన నమూనా ఒకటి ఉంటుంది. దానికి లక్కముద్ర వేసి భద్రపరుస్తారు. కాంట్రాక్టరు తయారు చేసే సరుకు దానితో పోల్చి చూస్తారు. ఒక కుచ్చు తగ్గినా, అంగుళం పెరిగినా సరుకు వెనక్కి. మనం సంప్రదాయం అనుకునేదాన్ని నిలబెట్టింది ముసలమ్మల జ్ఞాపకం కాదు, గుమాస్తా రిజిస్టరు.

ఆర్గైల్ ఆఫీసర్ల స్పోరన్‌ది ఇంకో కథ. దాని మూత బ్యాడ్జర్ తలకాయే. కళ్లు, ముక్కు, చారలతో సహా మనవైపు చూస్తూ ఉంటుంది. 1881లో 91వ, 93వ పటాలాలను కలిపి ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్లను ఏర్పాటు చేశారు. విక్టోరియా రాణి కూతురు లూయీజ్ ఆర్గైల్ డ్యూక్ ఇంటి కోడలు. పటాలానికి తన పేరిచ్చింది, చిహ్నం తనే గీసిచ్చింది: ఒకపక్క ఆర్గైల్ క్యాంప్‌బెల్‌ల అడవిపంది తల, ఇంకోపక్క సదర్లాండ్ అడవిపిల్లి. రెండు పటాలాల పెళ్లికి అంతకన్నా ముచ్చటైన శుభలేఖ దొరకదు.

నిషేధం పెంచిన బట్ట

ఇంతకీ కిల్టు సైన్యం చేతికెలా చిక్కింది? నన్నడిగితే ఈ కథ మొత్తంలో గట్టి విషయం ఇదే.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ బయల్లో స్టూవర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ తిరుగుబాటు ముగిసింది. అతని వెంట నడిచిన కొండసీమ తెగలను బ్రిటిష్ ప్రభుత్వం పూర్తిగా లొంగదీయాలనుకుంది. ఆయుధాలు లాక్కుంది. దుస్తుల మీదా చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లండ్‌లో మగవాడెవడూ, పిల్లాడైనా సరే, కిల్టు గానీ, భుజం మీది గళ్ల దుప్పటి గానీ, కొండసీమ వేషంలో ఏ భాగం గానీ ధరించకూడదు. పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి పట్టుబడితే ఏడేళ్లు సముద్రాల అవతలి వలసలకు ప్రవాసం.

ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. రాజుగారి సైన్యంలోని ఆఫీసర్లకూ, సిపాయిలకూ ఇది వర్తించదు.

అంటే తండ్రి కట్టుకున్న బట్ట కట్టుకోవాలంటే కొడుకుకు ఒకటే దారి: తండ్రిని ఓడించిన సైన్యంలో చేరడం. ఆ చట్టం 1782 దాకా, అంటే 35 ఏళ్లు అమల్లో ఉంది. ఈలోగా ఒక తరం పుట్టి పెరిగింది. ఊళ్లో దర్జీలు కిల్టు కుట్టడం మానేశారు, నేతగాళ్లు వేరే బట్టలకు మళ్లారు. సైన్యం మాత్రం కుట్టిస్తూనే ఉంది, నేయిస్తూనే ఉంది, కవాతులు చేయిస్తూనే ఉంది. చట్టం ఎత్తేసిన రోజున కొండసీమవాడు తన వేషం ఎలా ఉండేదో చూసుకోవాలంటే పటాలం వైపు చూడాల్సి వచ్చింది. అక్కడ కనిపించింది యూనిఫాం.

ఆ పటాలాల్లో పెద్దన్న బ్లాక్ వాచ్. 1725లో జనరల్ వేడ్ హయాంలో, ప్రభుత్వానికి విధేయంగా ఉన్న క్యాంప్‌బెల్, గ్రాంట్, మన్రో తెగల నుంచి మనుషుల్ని తీసి కొండల్లో కాపలాకు దళాలు కట్టారు. 1739లో వాటిని కలిపి పటాలం చేశారు. తర్వాత దానికి 42వ నంబరు వచ్చింది. వాళ్ల గళ్ల నేత ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, నలుపు. దూరం నుంచి చూస్తే నల్లగానే కనిపిస్తుంది. దానికి ‘గవర్నమెంట్ టార్టన్’ అనే పేరు ఇప్పటికీ ఉంది.

అప్పటి సిపాయి కట్టింది ఇప్పటి కుట్టు కిల్టు కాదు. పన్నెండు గజాల గళ్ల దుప్పటి. నేలమీద పరిచి, చేత్తో కుచ్చెళ్లు పోసి, మీద పడుకుని బెల్టు బిగించి లేవాలి. కింది సగం మోకాళ్ల దాకా, పై సగం భుజానికెక్కుతుంది. వానొస్తే కప్పుకోవచ్చు, రాత్రి పరుచుకోవచ్చు. పాతబడ్డ దుప్పట్లను పారేయకుండా కత్తిరించి చిన్న కిల్టులు కుట్టించడం పటాలాలకు మామూలు. ఆ పొదుపులోంచే పొట్టి కిల్టు యూనిఫాంగా స్థిరపడింది. పై సగం మాయమై, దాని గుర్తుగా ఆఫీసర్ల, బ్యాగ్‌పైపర్ల భుజం మీద ఒక ముక్క మిగిలింది. దాన్ని పట్టివుంచే గుండ్రటి వెండి బ్రోచ్, మధ్యలో తేనెరంగు కెయిర్న్‌గార్మ్ రాయి, ఒకప్పుడు బరువైన దుప్పటి జారకుండా ఆపిన ఇనుప పిన్ను వారసులు.

ఈ వేషం సైన్యంలోనూ శాశ్వత హక్కేమీ కాదు. 1809లో నెపోలియన్ యుద్ధాలకు జనం చాలక, దక్షిణాది కుర్రాళ్లు కిల్టు కట్టడానికి ఇష్టపడటం లేదన్న కారణం చూపి, ఆరు హైలాండ్ పటాలాల నుంచి ఒక్క ఉత్తర్వుతో కిల్టు పీకేశారు: 71 నుంచి 75 దాకా ఐదు, వాటితోపాటు 91. మిగిలినవి ఐదే: 42, 78, 79, 92, 93. ఎవరికి మిగిలిందో వాళ్లకు గర్వం, ఎవరిది పోయిందో వాళ్లకు కడుపుమంట. ఒక్కో కుచ్చు కోసం, ఒక్కో చార కోసం స్కాటిష్ పటాలాలు ఎందుకంత పట్టుబడతాయో అర్థం కావాలంటే ఆ ఏడాది జరిగింది గుర్తుపెట్టుకోవాలి.

పసుపు చార బయటికి

గోర్డన్‌నీ సీఫోర్త్‌నీ కుచ్చుల్ని బట్టి విడదీయలేకపోతే కిల్టు చారలు చూడాలి. 1793లో గోర్డన్ డ్యూక్ కొత్త పటాలం కట్టబోతూ హంట్లీ ఊరి బట్టల వ్యాపారి విలియం ఫోర్సైత్‌ను నమూనాలు అడిగాడు. ఫోర్సైత్ తెలివైనవాడు. బ్లాక్ వాచ్ నేతనే తీసుకుని, దానికి పసుపు చార చేర్చి మూడు రకాలు చూపించాడు: ఒక చార, రెండు చారలు, మూడు చారలు. ఒక చారది ఎంపికైంది. సీఫోర్త్‌లదీ అదే లెక్క: అదే ముదురు నేత మీద తెలుపూ ఎరుపూ చారలు. ‘మా వంశపు గళ్లు’ అని ఇవాళ గోర్డన్, మెకెంజీ ఇంటిపేర్లవాళ్లు చెప్పుకునేవి సర్కారు నేత మీద సన్నగా గీసిన గీతలే. ఈ బట్టంతా నేసి సైన్యానికి అమ్ముకున్న పెద్ద సంస్థ బానక్‌బర్న్‌లోని విల్సన్ కుటుంబానిది. 1819 నాటి వాళ్ల నమూనా పుస్తకం ఇప్పటికీ టార్టన్ పరిశోధకులకు ఆకరం.

79వ కామెరాన్ పటాలం మాత్రం వేరే దారిన పోయింది. సర్కారు నేత వద్దనుకుంది. వాళ్ల ఎరాక్ట్ నేతను పటాలం స్థాపకుడు అలన్ కామెరాన్ తల్లి కూర్చిందని పటాలంలో చెప్పుకుంటారు.

కుచ్చెళ్లు పోయడంలోనూ సైన్యం చెయ్యి కనిపిస్తుంది. మామూలు జనం కిల్టు వెనకభాగంలో కుచ్చెళ్లు మడిచినా గళ్లు చెదరకుండా, ముందువైపు ఎలా ఉందో అలాగే కనిపించేలా కుడతారు. సైనిక దర్జీ ప్రతి కుచ్చెలి అంచుకూ ఒకే చార వచ్చేలా మడుస్తాడు. గోర్డన్ సిపాయి నిలబడితే వెనకంతా పసుపు గీతలు బారులు తీరి ఉంటాయి. నడిస్తే కుచ్చెళ్లు విచ్చుకుని లోపలి పచ్చదనం మెరిసి మళ్లీ మూసుకుంటుంది. వెనక వరసలోవాడికి రోజంతా కనిపించేది ఇదే గనక ఇది వాడికోసమే అనుకోవచ్చు. ఇవాళ పెళ్లికి కిల్టు కుట్టించుకునేవాణ్ని కూడా ఎడింబరో దర్జీ మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: గళ్ల ప్రకారమా, చార ప్రకారమా?

కొన్ని పటాలాల ఆఫీసర్ల కిల్టుల మీద పై చెంగు అంచున ఆకుపచ్చ పట్టు రిబ్బన్లతో చేసిన పూలముడులు కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చం అమ్మాయి జడకు కట్టినట్టే ఉంటాయి. బకిళ్లు రాకముందు కిల్టు అంచును బిగించిన నాడాల ముడులే అవి అంటారు. పని పోయింది, ముడి పదోన్నతి పొంది ఆఫీసర్ల దగ్గర ఉండిపోయింది.

పెద్ద పిన్నీసు సంగతి చూడండి. కిల్టు పై చెంగు కుడి అంచున కింద తగిలిస్తారు. బాల్మోరల్‌లో గాలి వీస్తుంటే కాపలా సిపాయి కిల్టు ఎగిరి అవస్థ పడుతుండగా విక్టోరియా రాణి తన శాలువా పిన్ను తీసిచ్చిందని కథ. గోర్డన్ సిపాయి అంటారు కొందరు, ఇంకొందరు ఇంకేదో అంటారు. ముచ్చటైన కథే, నేను మాత్రం నమ్మను. ఈ స్ప్రింగు పిన్నీసు పేటెంటు 1849 నాటిది. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ అనే ఆయన తీసుకున్నాడు. రాణి కుటుంబం బాల్మోరల్‌ను మొదట అద్దెకు తీసుకుంది 1848లో. రెండూ ఒకే కాలానివి కాబట్టి కథ అల్లడం తేలికైంది. అసలు చిక్కు ఏమిటంటే ఈ పిన్నీసు చెంగుల్ని కలిపి పట్టుకోదు. పై చెంగుకు మాత్రమే గుచ్చాలి. రెండింటికీ కలిపి గుచ్చితే నడిచినప్పుడు కిల్టు లాగేసి బట్ట చిరుగుతుంది. కొత్తగా కట్టినవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇదే. దాని పనల్లా అంచుకు కాస్త బరువివ్వడం.

కిల్టు కింద ఏముంటుందన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది, కాబట్టి ఒక చక్రవర్తి సాక్ష్యం చెప్పి ముందుకు పోదాం. వాటర్లూ ముగిశాక, 1815 ఆగస్టులో పారిస్‌లోని ఎలిజే ప్యాలెస్‌కు రష్యా జార్ అలెగ్జాండర్ హైలాండ్ సిపాయిల్ని పిలిపించుకున్నాడు. 79వ పటాలం సార్జెంటు థామస్ కాంప్‌బెల్ చెప్పిన ప్రకారం జార్ అతని మేజోళ్లు, కాళ్లు పరీక్షగా చూశాడు, ఒంటికి అంటుకున్న బట్టేమైనా ఉందేమోనని చర్మం గిల్లి చూశాడు, ఆఖరికి కిల్టు పైకెత్తి మరీ తేల్చుకున్నాడు.

మేజోటిలో కత్తి

మోకాలి కింద మేజోడు మడతలోంచి రెండు చిన్న రిబ్బన్లు తొంగిచూస్తాయి. వాటిని ఫ్లాషెస్ అంటారు. సైన్యంలో చాలావరకు ఎరుపే. ఒకప్పుడు మేజోళ్లు సాగే అల్లికవి కావు, గళ్ల గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టినవి. అవి నిలవాలంటే గజం పొడుగు ఎర్ర ఉన్ని పట్టీని పిక్క చుట్టూ చుట్టి ముడేయాలి. ఆ ముడి వేయడానికీ ఒక పద్ధతి, దాని కొసలు ఎంత వేలాడాలో ఒక కొలత. తర్వాత ఎలాస్టిక్ వచ్చింది, కొసలు మాత్రం కత్తిరించి దానికి కుట్టేశారు. ఎర్ర తెల్ల గళ్ల మేజోళ్లూ అంతే: గుడ్డ మేజోళ్ల కాలపు రూపాన్ని అల్లికలో పట్టి ఉంచారు.

కుడికాలి మేజోట్లో పిడి మాత్రం కనిపించేలా దోపిన చిన్న కత్తి స్కియన్ డూ. అతిథిగా వెళ్లినవాడు చంకలో దాచిన కత్తిని మర్యాదకోసం బయటికి తీసి మేజోట్లో పెట్టుకునేవాడని గైడ్లు చెబుతుంటారు. వేటాడిన జింకను కోసే కత్తి అని వేటగాళ్లంటారు. రెండోదే నాకు నచ్చుతుంది, దాంట్లో నాటకం తక్కువ. 1812 ప్రాంతంలో హెన్రీ రేబర్న్ గీసిన గ్లెన్‌గారీ మెక్‌డొనెల్ చిత్రంలో మేజోట్లో ఇలాంటి పిడి కనిపిస్తుంది. ఆ మెక్‌డొనెల్ అచ్చమైన కొండసీమ ఆచారాల కోసం సంఘం పెట్టిన పెద్దమనిషి. తన భూముల్లోంచి రైతుల్ని ఖాళీ చేయించినవాడూ ఆయనే. నడుముకు వేలాడే పెద్ద బాకు ‘డర్క్’ మాత్రం ఖాయంగా పాతది. సైన్యం దాని ఒరలో చిన్న కత్తీ, ఫోర్కూ కూడా పెట్టించింది, భోజనాల బల్ల దగ్గర పనికొస్తాయని కాబోలు.

మేజోట్లో కత్తి నిజంగా యుద్ధానికి వెళ్లిన రోజు ఒకటుంది. 1944 జూన్ 6, నార్మండీ, స్వోర్డ్ బీచ్. లార్డ్ లోవట్ కమాండో బ్రిగేడ్‌తో దిగిన పైపర్ బిల్ మిలిన్ చేతిలో తుపాకీ లేదు. బ్యాగ్‌పైపు ఉంది, మేజోట్లో స్కియన్ డూ ఉంది. కట్టింది మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల నాన్న ఫ్లాండర్స్‌లో కట్టిన కామెరాన్ కిల్టు. నీళ్లలో తేలియాడుతున్న కిల్టుతో ఒడ్డుకు నడుస్తూ వాయించాడు. బ్యాగ్‌పైపుల్ని వెనక ఉంచాలని సైన్యం ఆజ్ఞ. అది ఇంగ్లిష్ వార్ ఆఫీస్ ఆజ్ఞ, మనం స్కాట్లండ్‌వాళ్లం అని లోవట్ సర్దిచెప్పాడట.

ఇప్పటి చట్టంలో కూడా ఆ కత్తికి చోటుంది. బ్రిటన్‌లో బహిరంగ స్థలాల్లో కత్తి పట్టుకు తిరగడం నేరం. జాతీయ దుస్తుల్లో భాగంగానైతే మినహాయింపు. సిక్కుల కిర్పాన్‌కు రక్షణ ఇచ్చే మతపరమైన మినహాయింపు దాని పక్కనే ఉంటుంది.

ఇదంతా సైనికుడి వేషమైతే జాతి మొత్తానికి ఎలా అంటుకుంది? దానికి ఒక నెల, ఒక నవలాకారుడు సరిపోయారు. 1822 ఆగస్టులో నాలుగో జార్జి ఎడింబరో వచ్చాడు. ఏర్పాట్లన్నీ వాల్టర్ స్కాట్ చేతుల మీదుగా జరిగాయి. దక్షిణ స్కాట్లండ్ పెద్దమనుషులు కూడా, తాతలనాడు కొండసీమవాళ్లను దొంగలని తిట్టిన ఇళ్లవాళ్లు కూడా, కిల్టులు కట్టుకుని దర్బారుకొచ్చారు. బాగా బొద్దుగా ఉండే రాజుగారు తన హైలాండ్ వేషానికి 1,354 పౌన్లు ఖర్చు పెట్టాడు. కిల్టు కింద గులాబీరంగు బిగుతు లాగు తొడుక్కున్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు, దర్జీలకు మాత్రం పండగే. తమకు తెలిసిన ఒకే ఒక నిఖార్సైన నమూనా పటాలం నమూనా. దానికే తలా కాస్త వెండి తగిలించి జనానికి అమ్మారు.

సరిగ్గా అదే ఆగస్టులో సైన్యం ఇంకో తగాదా తీర్చింది. టోపీ మీది ఎర్ర తురాయి 42వ పటాలానికి తప్ప ఇంకెవరికీ చెల్లదని ఉత్తర్వు ఇచ్చింది. 1795 జనవరిలో హాలండ్‌లోని గెల్డర్‌మాల్సెన్ దగ్గర ఫిరంగులు కాపాడినందుకు ఆ తురాయి దక్కిందని బ్లాక్ వాచ్ వాళ్ల మాట. అమెరికా యుద్ధం నాటిదని ఇంకో వాదం. ఏదైనా కానీ, అది తమదొక్కరిదే అన్న పట్టుదల మాత్రం ఇవాళ్టికీ తగ్గలేదు. 1854లో క్రిమియాలో ఆల్మా గెలుపు తర్వాత హైలాండ్ బ్రిగేడ్ సేనాని కోలిన్ క్యాంప్‌బెల్ తన సేనాధిపతి టోపీ బదులు హైలాండ్ టోపీ పెట్టుకుంటానని అడిగి అనుమతి పొందినప్పుడు, తురాయి మీద మూడోవంతు 42 కోసం ఎరుపు, కింద రెండొంతులు 79, 93ల కోసం తెలుపు పెట్టి కట్టించారు. ఎవరికీ అన్యాయం జరగకుండా తురాయిని కొలిచి పంచిన ఆ చేతికి నా నమస్కారం.

మన ఎండలో, వాళ్ల బురదలో

ఈ చిహ్నాల్లో మన నేలమీద సంపాదించినవీ ఉన్నాయి. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయేలో బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ మరాఠాలతో తలపడ్డప్పుడు 74, 78 హైలాండ్ పటాలాలు రెండూ అక్కడున్నాయి. 74వ పటాలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రెండింటికీ బహుమతిగా ఏనుగు చిహ్నం. 78వ పటాలం తర్వాత సీఫోర్త్‌లో కలిసి, ఆ ఏనుగును కాలరు మీదికి తీసుకెళ్లింది. పొట్టేళ్లూ దుప్పులూ ఉండాల్సిన స్కాటిష్ చిహ్నాల మధ్య ఏనుగు ఎక్కడిదని మ్యూజియంలో పిల్లలు అడుగుతారు. ఆ యుద్ధంలో వాళ్ల పక్కనే మద్రాసు సిపాయిల పటాలాలూ పోరాడాయి. ఉత్తర సర్కారుల తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో చేరిన సైన్యం అది. వాళ్లకు ఏ ఏనుగులు దక్కాయో ఆ గాజు పెట్టెల్లో కనిపించదు.

మన ఎండకు ఉన్ని కిల్టు కట్టడం వాళ్లవల్లా కాలేదు. ఇక్కడికొచ్చిన హైలాండ్ పటాలాల్లో కొన్ని కిల్టులు మూలపడేసి ప్యాంట్లు తొడిగాయి. 1809లో వాళ్ల చేతిలోంచి వాటిని లాక్కోవడం తేలికైంది కూడా అందుకే. బ్యాగ్‌పైపు మాత్రం ఇక్కడ పాతుకుపోయింది. 1897లో వాయవ్య సరిహద్దులో దర్గాయ్ కొండ ఎక్కేటప్పుడు గోర్డన్ పైపర్ జార్జి ఫిండ్‌లేటర్ కాళ్లకు గుండ్లు తగిలి కూలబడినా కూర్చునే వాయించి విక్టోరియా క్రాస్ పొందాడు. పక్కన గూర్ఖాలు కూడా ఉన్నారు. పదో గూర్ఖా రైఫిల్స్ పైపర్లు రాయల్ స్కాట్స్‌తో స్నేహానికి గుర్తుగా వాళ్ల హంటింగ్ స్టూవర్ట్ నేతను తీసుకున్నారు. జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ చూసినవాళ్లకు ఇలాంటి గళ్లు కొత్త కాదు. బ్యాగ్‌పైపుల తయారీ మీరట్‌లో, సియాల్‌కోట్‌లో పెద్ద కుటీర పరిశ్రమ. కిల్టులూ స్పోరన్లూ కూడా సియాల్‌కోట్ నుంచి ఓడలెక్కుతాయి.

యుద్ధం కిల్టు అందాన్ని ఎప్పుడూ గౌరవించలేదు. 1899 డిసెంబరు 11న దక్షిణాఫ్రికాలో మాగర్స్‌ఫాంటైన్ దగ్గర హైలాండ్ బ్రిగేడ్ రోజంతా బోర్లా పడుకుని ఉండిపోవాల్సి వచ్చింది. లేస్తే బోయర్ల తుపాకులు. ముందువైపు ఖాకీ గుడ్డ కప్పుకున్నారు గానీ వెనకవైపు ముదురు కిల్టు దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించింది. మోకాళ్ల వెనక చర్మం ఎండకు బొబ్బలెక్కింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఖాకీ కప్పుకే జేబు కుట్టి స్పోరన్ అవసరం తీర్చారు. కందకాల్లో కుచ్చెళ్ల మడతలన్నీ పేలకు కాపురాలు. తడిసిన బురద గడ్డకట్టి అంచులు కత్తుల్లా మోకాళ్లు కోసేవి. మస్టర్డ్ గ్యాస్ వచ్చాక పరిస్థితి ఊహించుకోవచ్చు. 1939లో వార్ ఆఫీస్ రంగంలోకి కిల్టు వేసుకెళ్లొద్దంది. కామెరాన్ మొదటి బెటాలియన్ ఆ మాట పెడచెవిన పెట్టి 1940లో ఫ్రాన్స్‌లో కిల్టుతోనే పోరాడింది. ఒక బెటాలియన్ మొత్తం కిల్టులో యుద్ధం చేయడం అదే ఆఖరు అంటారు. వాళ్ల టోపీల మీది నీలం తురాయి ఆరో జార్జి రాజు ఇచ్చింది.

2004లో స్కాటిష్ పదాతి పటాలాలను ఒకటి చేస్తామని లండన్ ప్రకటించింది. ఆ రోజుల్లోనే బ్లాక్ వాచ్ ఇరాక్‌లో క్యాంప్ డాగ్‌వుడ్ దగ్గర సిపాయిల్ని పోగొట్టుకుంటోంది. స్కాట్లండ్ భగ్గుమంది. జీతాల గురించి కాదు, పేర్ల గురించి, ఈకల గురించి. 2006 మార్చి 28న రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ ఏర్పడింది. అందరికీ ఒకటే కిల్టు, సర్కారు నేతలోనే ఒక రకం. రాజీ తురాయిల దగ్గర కుదిరింది. బార్డరర్లకు నలుపు, హైలాండ్ ఫ్యూజిలియర్లకు తెలుపు, బ్లాక్ వాచ్‌కు ఎరుపు, హైలాండర్లకు నీలం, ఆర్గైల్‌కు ఆకుపచ్చ. రిజర్వు బెటాలియన్లకు బూడిదరంగూ ఊదారంగూ. బయటివాళ్లకు ఇది పిల్లల తగవులా కనిపించవచ్చు. ఆ ఈక కింద తాత, తండ్రి, అన్న వరసగా నిలబడ్డ ఇళ్లకు అలా కనిపించదు, దాన్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు.

ఎడింబరో రాయల్ మైల్ మీద అద్దె దుకాణాల్లో పెళ్లికొడుకు వేషం ఇప్పుడు పూర్తి సెట్టుగా దొరుకుతుంది. పొట్టి నల్లకోటు పేరు ప్రిన్స్ చార్లీ, కల్లోడెన్‌లో ఓడిన రాకుమారుడి పేరే. దాని కింద చాలామంది ఎంచుకునే నేత బ్లాక్ వాచ్, ప్రభుత్వం పక్షాన నిలిచిన పటాలానిది. స్పోరన్‌కు మూడు పొట్టి కుచ్చులు, ఏ పటాలానికీ చెందనివి. ఫ్లాషెస్ పెళ్లికూతురు బట్టల రంగుకు జతగా ఉంటాయి. స్కియన్ డూ చాలాచోట్ల ఒరకు అతికించిన ప్లాస్టిక్ పిడి మాత్రమే. పెళ్లవగానే విమానం ఎక్కాల్సినవాడికి అదే మేలు.